కాశీ బస్సు కింద

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు ఇస్త్రీ చొక్కా మీద ఆశ వదులుకోవాలి. ప్రభుత్వం మనకు ఖాకీ బట్టలిచ్చింది గౌరవం కోసం కాదు, మడ్డి కనపడకుండా ఉండడానికి. ఆర్డరులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అని రాసి ఉంటుంది. జనం మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. జనమే కరెక్టు. బండిలో తక్కినవన్నీ బండిని నడపడానికి ఉన్నాయి. ఆపేది బ్రేకొక్కటే. మన ఉద్యోగం కూడా ఆపేదే. అందుకే మనల్ని చూసి ఎవరూ సంతోషించరు.

నేను డెబ్బైల చివర్లో హిందూపురం వచ్చాను. ఎనభైల మధ్యదాకా అక్కడే ఉన్నాను. కొన్ని రోజులు హిందూపురంలో, తక్కిన రోజులు పెనుకొండ, ధర్మవరం క్యాంపుల్లో బండ్లు చూసేవాణ్ణి. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినప్పుడు నాకు సంతోషం, రానప్పుడు నా పక్కవాడికి సంతోషం. అంతకు మించి వాటిలో నేర్చుకునేది లేదు. ఒక పాత బండి దూరప్రయాణానికి పనికొస్తుందా, రాదా అని ఎలా తేల్చాలో మాత్రం రాస్తాను. అది నాకు పుస్తకాలు నేర్పలేదు. ఒక ముసలి బస్సు, అంతకంటే ముసలి అవ్వ కలిసి నేర్పారు.

పెయింటు వాసన

ఎఫ్‌సీ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యంగా ఉందని ఏడాదికోసారి మనమిచ్చే సర్టిఫికెట్టు. ఎఫ్‌సీ రోజు మైదానం పెళ్ళిపందిరిలా ఉంటుంది. ప్రతి బండికీ కొత్త రంగు, నిమ్మకాయలు, బంతిపూలు. రంగు ఇంకా ఆరి ఉండదు. చెయ్యి పెడితే అంటుకుంటుంది. నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇది: రంగు ఎక్కడ మందంగా ఉందో అక్కడ గోకు. ఎవరూ ఆరోగ్యంగా ఉన్నచోట మందు పూసుకోరు.

ధర్మవరం క్యాంపులో ఒకసారి మూడు లారీలు వరసగా వచ్చాయి. మూడింటికీ మంచి టైర్లే. మూడోదాన్ని చూస్తుంటే ముందు చక్రం వాల్వుకు కట్టిన ఎర్రదారం ఎక్కడో చూసినట్టనిపించింది. మొదటి లారీ దగ్గరికి వెనక్కి వెళ్ళి చూశాను. అది అప్పటికే రాళ్ళ మీద నిలబడి ఉంది, చక్రాలు లేకుండా. యజమాని ఏమాత్రం సిగ్గుపడలేదు.

"టైర్లు మంచివే గదా సార్. ఎవురివైతే ఏమి?"

"ఇకమీద మూడు లారీలూ ఒకదాని వెనక ఒకటి పోతూ, మలుపు వచ్చినప్పుడల్లా టైర్లు మార్చుకుంటారా?"

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించాడు. "కష్టమే సార్" అన్నాడు.

ఇలాంటి మోసాలకు కోపం తెచ్చుకోకండి. దొంగతనం పట్టుకోవడం సులభం. కష్టమైనది నిజాయితీపరుడి బండిని ఆపడం. మహబూబ్‌సాబ్ నిజాయితీపరుడు.

హారన్ పరీక్ష

ఆయన సంగతికి ముందు మా పెద్దసారు గురించి చెప్పాలి. గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాడు, లంచగొండి అంతకన్నా కాడు. లంచం తీసుకోవాలన్నా కుర్చీలోంచి లేవాలి కదా. ఆయన బండిని కిటికీలోంచే చూసేవాడు. హారన్ కొట్టించేవాడు. హారన్ గట్టిగా మోగితే తల ఊపేవాడు.

"బ్రేకులు కూడా చూడాలి కదా సర్" అన్నాను, చేరిన కొత్తలో.

"హారన్ సరిగ్గా ఉంటే బ్రేకుతో పనేముందయ్యా? ఎదుటివాడే తప్పుకుంటాడు."

అది హాస్యమని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఆయన జీపు నడపడం చూశాను. హాస్యం కాదు.

అయినా సోమరి ఆఫీసరు కింద పని చేయడం ఒక అదృష్టం. పని మొత్తం మన మీద పడుతుంది కాబట్టి పని వస్తుంది. చురుకైన ఆఫీసరు కింద చేసినవాళ్ళు మంచి మంచి రిపోర్టులు రాయగలరు, బండి కిందికి దూరమంటే మాత్రం నడుము నొప్పంటారు.

మహబూబ్‌సాబ్ బస్సు

సోమందేపల్లి మహబూబ్‌సాబ్‌కు ఒక చిన్న పాత బస్సు ఉండేది. వాళ్ళ నాయన కాలంలో అది హిందూపురం, పెనుకొండ మధ్య తిరిగేది. రూట్లు ఒక్కొక్కటీ ప్రభుత్వం చేతికి పోయాక దానికి పెళ్ళిళ్ళు, తిరుపతి మొక్కులు మిగిలాయి. మహబూబ్‌సాబ్ దాన్ని తానే నడిపేవాడు, తానే కడిగేవాడు, దానితో మాట్లాడేవాడు కూడా.

ఒక ఏడాది వేసవి మొదట్లో ఆయన ఆ బస్సును ఎఫ్‌సీకి తెచ్చాడు. "ఈసారి కాశీకి పోతాండా సార్" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. పరిగి నుంచి గంగమ్మవ్వ అనే రైతు కుటుంబం పెద్దావిడ చుట్టుపక్కల ముసలివాళ్ళను కూడగట్టింది. గయ, ప్రయాగ, కాశీ చూపించి తీసుకురావాలి. ఇంకో విశేషం, మా పెద్దసారు అత్తగారు కూడా ఆ బస్సులో పోతున్నారు. ముందు సీటు ఆమెకే.

మహబూబ్‌సాబ్ ఇంజను స్టార్టు చేశాడు. "వినండి సార్. వీణ మాదిరి పలుకుతాంది."

నిజంగానే బాగా పలుకుతోంది. కానీ ఇక్కడ కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఇంజనును ఆఖర్న చూడండి. యజమాని అందరికంటే ముందు చూపించేది అదే, మనిషిని చంపడంలో అందరికంటే వెనకబడేదీ అదే. ఇంజను చెడితే బండి ఆగుతుంది. బ్రేకు చెడితే ఆగదు. స్టీరింగు చెడితే ఎక్కడ ఆగుతుందో తెలియదు.

బ్రేకులు చూశాను. కొత్త లైనర్లు వేయించాడు. కుదుపులు ఓర్చే కమాన్ కట్టలు బాగున్నాయి. స్టీరింగులో కొద్దిగా ఆట ఉంది, బిగిస్తే పోయేదే. అప్పుడు చొక్కా విప్పి, పాత లుంగీ పరుచుకుని బస్సు కిందికి దూరాను.

ఆ రోజుల్లో బస్సు బాడీ చాలావరకు కర్రే. కింద ఇనుప ఛాసిస్, దాని మీద అడ్డదూలాలు, వాటి మీద కిటికీల మధ్య నిలువు కంబాలు, పైన అల్యూమినియం రేకు తొడుగు. బయటికి లోహంలా కనపడుతుంది. లోపల మన ఇంటి పైకప్పులాంటిదే. అలాంటి బాడీని చూసేవాడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: వాన నీళ్ళు లోపలికి వస్తే ఎక్కడ నిలుస్తాయి? కిటికీ నుంచి కారిన నీళ్ళు కంబం వెంట దిగి దాని మొదట్లో నిలుస్తాయి. ఎవరూ చూడని చోటు అది. కర్ర అక్కడే చస్తుంది.

చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాను. బతికున్న కర్ర ఠక్ మంటుంది. ముందు చక్రాల దగ్గర ఠక్ ఠక్ మంది. అవి దాటాక శబ్దం మారింది. దుబ్, దుబ్. తడిసిన దిండును కొట్టినట్టు. స్క్రూడ్రైవరు గుచ్చితే ఆగకుండా దిగిపోయింది. ఒక పక్క కంబాలు దాదాపు అన్నీ అంతే. బస్సును నిలబెడుతున్నది పైనున్న రేకూ, మహబూబ్‌సాబ్ నమ్మకమూ.

బయటికి వచ్చి చెప్పాను. ఆయన నమ్మలేదు.

"నిన్ననే గదా సార్ పెండ్లి జనాన్ని ధర్మవరం చేర్చి వస్తి. ఏమీ కాల్యా."

"ధర్మవరం పోయే బండిలో ఈ జబ్బు దాక్కుంటుంది సాబ్. కాశీ పోయే బండిలో బయటికొస్తుంది. దగ్గర పోయి వచ్చేదానికి ఓర్చుకున్న కర్ర, పగలూ రాత్రీ కుదుపుల్లో, తెలియని ఘాట్లలో, మనుషులూ మూటలూ నిండుకుని పోతుంటే ఓర్చుకోదు. ఆడ చెడిపోతే సోమందేపల్లి షెడ్డు కనపడదు. ఇకమీద ధర్మవరానికి కూడా పోవద్దు."

ఆయన బస్సు రేకు మీద చెయ్యి వేసి నిమిరాడు. "మా నాయన కట్టించిన బాడీ సార్ ఇది" అన్నాడు.  అయినా నేను సంతకం పెట్టలేదు.

అత్తగారి పెట్టె

మధ్యాహ్నానికి పెద్దసారు పిలిచారు.

"ఏమయ్యా, ఆ కాశీ బస్సు ఆపేశావంట?"

"కంబాలు చీకిపోయాయి సర్."

"మా అత్తగారు పెట్టె సర్దేసుకున్నారయ్యా."

"బండి పక్కకు వాలితే పైకప్పు మీద పడుతుంది సర్."

"పెట్టె సర్దుకున్నారంటున్నా కదా!" అని, తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "నెల రోజులయ్యా. నెల రోజులు ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. నీకూ పెళ్ళయింది కదా, అర్థం చేసుకో."

ఇక్కడ ఇంకో పాఠం ఉంది. పైవాడు నోటిమాటగా ఏదైనా చేయమన్నప్పుడు వాదించకండి. ఆ పని ఆయన్నే చేయమని మర్యాదగా అడగండి. నేను కాగితం ఆయన ముందు పెట్టి, "మీకూ అధికారం ఉంది కదా సర్. మీరే పెట్టండి" అన్నాను.

ఆయన పెన్ను మూత తీశారు. కిటికీలోంచి బస్సును చూశారు. మళ్ళీ మూత పెట్టారు.

"దానికేమన్నా అయితే మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

"అందుకే నేనూ పెట్టలేదు సర్."

"సరే పో" అన్నారు నీరసంగా. ఆ రోజు ఇంకే బండికీ హారన్ కూడా కొట్టించలేదు.

గంగమ్మవ్వ అడకత్తెర

మరునాడు పొద్దున నేను మొహం కడుక్కుంటుంటే మా ఇంటి మెట్ల మీద ముసలమ్మల గుంపు కూర్చుని ఉంది. మధ్యలో పొట్టిగా, నల్లగా, నోట్లో వక్కాకుతో ఒకావిడ. గంగమ్మవ్వ అని చెప్పకుండానే తెలిసింది.

"కాశీకి పోతాంటే అడ్డం పడే మొగోడివి నువ్వేనా అప్పా?"

"బండి బాగల్యా అవ్వా."

"మేము మాత్రం బాగుండామా? నా మోకాళ్ళు చూడు. ఈయమ్మకు కండ్లు కనపడవు. ఆయమ్మకు చెవులు ఇనపడవు. మాకెవురన్నా ఎఫ్‌సీ ఇస్తారా? దేవుడు పిలిస్తే పోతాండాము."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"అయినా కాశీకి పోతా పోతా సస్తే పుణ్యమే గదప్పా!"

"కాశీలో పోతే పుణ్యమే అవ్వా. పెనుకొండ దిగుడులో పోతే పంచనామా."

చెవులు వినపడవన్న ముసలమ్మ ముందు నవ్వింది. గంగమ్మవ్వ ఆమె వైపు కోపంగా చూసి, నా వైపు తిరిగింది. "నువ్వు మాటలతో గెలుస్తావు. సదువుకున్నోడివి. నాకు కనపడితే నమ్ముతా."

మంచిదే అన్నాను. అందరం కలిసి ఆఫీసు మైదానానికి నడిచాం. బస్సు అక్కడే ఉంది, మహబూబ్‌సాబ్ దాని నీడలో కూర్చుని ఉన్నాడు. వెనక సీటు పక్కన కింది రేకు విప్పి, ఒక కంబం మొదలు చూపించాను. పైకి బాగానే కనపడుతోంది, దాని మీద కూడా రంగు వేశారు మరి.

అవ్వ మొల దగ్గర సంచిలోంచి అడకత్తెర తీసింది. దాని కాడతో కర్రను పొడిచింది. కాడ సగందాకా దిగింది. బయటికి లాగితే తడి పొట్టు రాలింది. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది.  పక్క కంబాన్నీ పొడిచింది. తర్వాతిదాన్నీ.

"మాబూ, ఇట్ల రా" అంది.

మహబూబ్‌సాబ్ వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"మా ఇంటి దూలానికి చెదులు పడితే, మార్పిచ్చుకో అవ్వా, నెత్తిన పడతాదని చెప్పింది ఎవుర్రా?"

"నేనే అవ్వా."

"మరి ఇదేమి?"

ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాకు తెలీదవ్వా, అల్లా తోడు. ఇంజను సూసుకున్న్యా, టైర్లు సూసుకున్న్యా. లోపల కర్ర సచ్చిపోయిందని తెలీదు. ఇప్పుడు విప్పి కట్టియ్యల్లంటే కర్ర యాడ తేవల్ల? మీరంతా ఇంకో బస్సు సూసుకోండి. నా రాత ఇంతే."

అవ్వ వక్కాకు ఊసి, కొంగుతో మూతి తుడుచుకుంది. "మా ఇంటికాడ తుమ్మ దుంగలు పడుండాయి. ఎద్దులబండి చక్రాలకని మా ఆయన ఎండబెట్టినాడు. కొడుకులు ట్రాక్టరు తెచ్చిరి. ఇంగ చక్రాలు ఎవురికి కావల్ల? తీసుకపో."

"ప్రయాణం ఆలస్యమైతాది అవ్వా."

"కాశీ యాడికి పోతాదిరా? ఆడనే ఉంటాది."

పెద్దసారు ఇంట్లో ఈ వార్త విన్న అత్తగారు సర్దిన పెట్టె విప్పలేదట. అది నెలన్నరపాటు వాళ్ళ వసారాలో, దారికి అడ్డంగా, ఆయన కాలికి తగులుతూ ఉంది.

బస్తాలు, పెద్దసారు పాదాలు

హిందూపురంలో ఒక షెడ్డులో బస్సును అస్థిపంజరందాకా విప్పారు. నేను పని ముగించుకుని ఇంటికి పోయే దారిలో వెళ్ళి చూసేవాణ్ణి. పాత బండిని అర్థం చేసుకోవాలంటే దాన్ని అలా విప్పి ఉన్నప్పుడు చూడాలి. పుచ్చినవి ఎక్కడెక్కడున్నాయో చూస్తే నీళ్ళు నడిచిన దారి కనపడుతుంది. మహబూబ్‌సాబ్ ప్రతి కొత్త కంబానికీ మొదట్లో నీళ్ళు పోవడానికి రంధ్రం పెట్టించాడు. అది ఆయన సొంత ఆలోచన. నాకు తట్టలేదు.

బాడీ పూర్తయ్యాక ఖాళీ బండిని చూసి పాస్ చేయనన్నాను. ఖాళీ బండిని పరీక్షించడం, పరగడుపున ఉన్నవాడి చేత అన్నం అరుగుతుందని ప్రమాణం చేయించుకోవడం లాంటిది. మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేయించి, పెనుకొండ మీదుగా బుక్కపట్నం చెరువు కట్టదాకా పోయి వద్దామన్నాను. పెద్దసారు తానూ వస్తానన్నారు. ఇంట్లోంచి ఆజ్ఞ అయిందని అర్థమైంది. అత్తగారి సీట్లోనే కూర్చున్నారు.

పెనుకొండ దగ్గర దిగుడులో మంచి వేగంలో ఉండగా "ఆపు!" అని అరిచాను. మహబూబ్‌సాబ్ బ్రేకు తొక్కాడు. బస్సు గీత గీసినట్టు ఆగింది. బస్తాలు మాత్రం ఆగలేదు. వరసగా జారి వచ్చి పెద్దసారు పాదాల మీద కూర్చున్నాయి. ఆయన అరిచిన అరుపు ఏ హారన్‌కీ తీసిపోదు.

బస్తాలు తీసి, ఆయన్ను దింపి, నీళ్ళిచ్చాం. నేను మాత్రం బస్తాలనే చూస్తున్నాను. బండి ఆగితే చాలదు, లోపలిది కూడా ఆగాలి. ముసలివాళ్ళ ట్రంకు పెట్టెలు, బియ్యం మూటలు, ఇత్తడి బిందెలు నెత్తుల మీదికి వస్తే బ్రేకులు బాగున్నందుకే మనుషులు చస్తారు. ఆ సాయంత్రమే సామాను కట్టేయడానికి వెనక ఇనుప కొక్కేలు వేయించాడు మహబూబ్‌సాబ్. అప్పుడు సంతకం పెట్టాను. పెద్దసారు కుంటుకుంటూ వచ్చి, తానే దగ్గరుండి పరీక్ష చేయించినట్టు ఇంట్లో చెప్పుకున్నారు. అది అబద్ధమూ కాదు.

బండి పడుకునింది

వాళ్ళు వెళ్ళిన తర్వాత చాలారోజులు ఏ కబురూ లేదు. సాధారణంగా సంతకం పెట్టిన బండిని నేను మరిచిపోతాను. లేకపోతే ఈ ఉద్యోగంలో అన్నం సహించదు. ఆ బస్సును మాత్రం మరవలేకపోయాను. రోడ్డు మీద ఎక్కడ గుంత కనపడినా దానికి ఎలా ఉందో అనిపించేది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు బయట హారన్ వినపడింది. పరుగెత్తుకుని పోయాను. అదే బస్సు. ఒక పక్కంతా పెద్ద సొట్ట. కిటికీలకు అద్దాలు లేవు, గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. 

మెట్ల మీదినుంచి ముందు గంగమ్మవ్వ దిగింది, మెల్లగా, ఒక్కో కాలూ పెట్టుకుంటూ.

"ఏమైంది అవ్వా?"

"ఏమీ కాల్యా. బండి పడుకునింది, మేము లేసినాము."

మహబూబ్‌సాబ్ చెప్పాడు. నాగపూర్ దాటాక కొండల్లో ఒక మలుపులో లారీ నడిరోడ్డు మీదుగా వచ్చింది. ఈయన స్టీరింగును కొండ వైపుకు కోశాడు. బస్సు గట్టును గీసుకుంటూ పోయి, కాలువలో పక్కకు పడిపోయింది.

"పడేటప్పుడు ఠకఠకమని శబ్దం ఇనపడె సార్. కంబాలన్నీ ఇరిగినాయి, అయిపాయ అనుకుంటి. కండ్లు మూసుకుంటి. తెరిసి సూస్తే పైకప్పు యాడుండల్లో ఆడనే ఉండాది."

ఒక పెద్దాయనకు భుజం ఎముక విరిగింది. తక్కినవాళ్ళకు గీరుకుపోయిన గాయాలు. సామాను కొక్కేలకే వేలాడుతూ ఉందట. పెద్దసారు అత్తగారిని కిటికీలోంచి పైకి లాగితే, ఒళ్ళోని ఆవకాయ జాడీ ముందు అందించి, తర్వాత తాను వచ్చిందట. ఆ ఊరి రైతులు ట్రాక్టరుతో బస్సును లేపారు. అందరూ తిరిగొద్దామంటారేమో అనుకున్నాడట మహబూబ్‌సాబ్. ఒక్కరూ అనలేదు. అదే బస్సులో కాశీకి పోయి, గంగలో మునిగి, తిరిగొచ్చారు.

నేను బస్సు లోపలికి ఎక్కి, సొట్టపడిన వైపు కంబం మీద చెయ్యి పెట్టాను. రేకు చినిగింది కానీ తుమ్మకర్ర అలాగే ఉంది. పాత కంబాలతో పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించకుండా ఉండలేకపోయాను.  వేలి కణుపుతో తట్టి చూశాను, ఠక్ మంది.

గొప్పలు చెప్పుకోను. మలుపులో లారీ వస్తుందని నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. దారిలో ఏం జరగాలో మనం తేల్చలేం. జరిగినప్పుడు బండి మనుషుల పక్షాన నిలబడుతుందా అన్నంతవరకే మన పని. ఇంతకంటే ఎక్కువ తెలుసని చెప్పే ఇన్‌స్పెక్టరు దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఆ సాయంత్రం పెద్దసారు ఇంట్లో అత్తగారు అడిగిందట, "ఈ బస్సు పాస్ చేసింది మీరేనా అల్లుడుగారూ?" ఈయన ఛాతీ విరుచుకుని "నేనే" అన్నారట. "మొదటిసారి పుచ్చి ఉన్నప్పుడు పాస్ చెయ్యమన్నదీ మీరేనటగా, మీ ఆఫీసు ప్యూను దగ్గర విని గంగమ్మగారు చెప్పింది" అందట ఆమె. మరుసటి వారం నుంచి పెద్దసారు బండ్లు చూడడానికి మైదానంలోకి రావడం మొదలుపెట్టారు. ఎండలో నిలబడి చూస్తుంటే ఆయనకు ఆ పని బాగానే వచ్చని నాకు తెలిసింది.

మహబూబ్‌సాబ్ అద్దాలు వేయించాడు కానీ సొట్ట తీయించలేదు. తిరుపతి పోయే ముసలమ్మలు సొట్ట ఉన్న వైపే సీటు కావాలని పోట్లాడేవాళ్ళు. కాశీ పోయొచ్చిన వైపు అది.

కొన్నేళ్ళకు నాకు కడపకు బదిలీ అయింది. మా ఆవిడను, పిల్లలను దించి వస్తానని మహబూబ్‌సాబ్ బస్సు తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. వాళ్ళు ఎక్కి కూర్చున్నారు. నేను చొక్కా విప్పి బస్సు కిందికి దూరాను.

"సొంత మనిషి బండి కూడా చూడాలా? లేచి రండి, సిగ్గుగా ఉంది" అని మా ఆవిడ కిటికీలోంచి కోప్పడింది.

పైన మహబూబ్‌సాబ్ గొంతు వినపడింది.

"సూడనీమ్మా. ఆయన సూడకుంటే నాకు నడిపేకి బయమైతాది."

నేను కిందనే ఉండి, మిగిలిన కంబాలు కూడా తట్టాను.